పిడక నుండి విద్యుత్తు వరకు: జీవ ఇంధనాల జమాఖర్చులు

(కోల్‌కతాలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మహానగరపు శివార్లలో నడచివెళ్ళేవారికి ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. రైలు కట్ట పక్కన, పాత గోడల మీద, వరుసలు తీర్చి చరచిన పిడకలు. ఒక్కొక్క పిడక మీద అయిదు వ్రేళ్ళ ముద్ర స్పష్టంగా ఉంటుంది. బెంగాలీలు దానిని ‘ఘుంటే’ అంటారు. మన ఊళ్ళలో పిడక అంటాం. పేరు వేరైనా పేడ ఒకటే, పొగ ఒకటే, ఆ ముద్ర వేసిన స్త్రీ శ్రమ కూడా ఒకటే. హుగ్లీ తీరపు జనపనార మిల్లులలో పనిచేయడానికి గంజాం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు టిటాగఢ్ వంటి మిల్లు పేటలలో తరతరాలుగా స్థిరపడినాయి. గోదావరి ఒడ్డున అయినా, హుగ్లీ ఒడ్డున అయినా పేదవాని పొయ్యి సమస్య మాత్రం మారలేదు.

ఈనాడు నేను మాట్లాడదలచినది ఆ పిడక వెనుక ఉన్న అర్థశాస్త్రాన్ని గురించి. కట్టె, పేడ, ఊక, చెరకు పిప్పి, జనప పుల్ల, పంట కోసిన తరువాత మిగిలే చెత్త – వీటన్నిటికీ కలిపి శాస్త్రజ్ఞులు జీవద్రవ్యం అని పేరు పెట్టినారు. వీటి నుండి లభించే శక్తికి అయ్యే ఖర్చెంత? కలిగే లాభమెంత? ఆ ఖర్చు భరించేవారెవరు, లాభం పొందేవారెవరు? ఈ మూడు ప్రశ్నలలో మొదటి రెండింటికి సమాధానాలు పుస్తకాలలో విస్తారంగా దొరుకుతాయి. మూడవ ప్రశ్న తరచుగా మరుగున పడిపోతున్నది. అందుచేత దానినే కేంద్రంగా చేసుకుని విషయాన్ని పరిశీలిద్దాం.

నగరం వెలిగింది, వంటిల్లు వెలగలేదు

శక్తి చరిత్రలో కోల్‌కతాకు విశిష్ట స్థానం ఉన్నది. ఈ రాష్ట్రంలోనే ఉన్న రాణీగంజ్‌లో 1774లో మన దేశపు బొగ్గు త్రవ్వకానికి నాంది పలికినారు. 1857లో ఈ నగర వీధులలో బొగ్గు నుండి తీసిన గ్యాసుతో దీపాలు వెలిగినాయి. 1899లో విద్యుత్ సరఫరా ఆరంభమైనది. బొగ్గు, గ్యాసు, విద్యుత్తు – ఈ మూడింటినీ దేశంలో అందరికంటె ముందుగా చూచిన నగరాలలో ఇది ఒకటి.

అయినప్పటికీ, వీధి దీపానికి వచ్చిన వెలుగు వంటింటి పొయ్యి దాకా రావడానికి శతాబ్దానికి పైగా పట్టింది. మధ్యతరగతి ఇళ్ళలో సైతం బొగ్గు పొడిని మట్టితో కలిపి ఉండలుగా చేసి, ‘ఉనున్’ అనే మట్టి పొయ్యిలో పిడక ముక్కతో రాజేసి వంట చేసుకున్న కాలం పెద్దలకు ఇంకా జ్ఞాపకమే. చలికాలపు సాయంకాలాలలో ఆ పొయ్యిలన్నీ ఒక్కసారిగా రాజుకొని, నగరం మీద పొగ దుప్పటి పరచుకొనేది. ఈనాడు నగరంలో గ్యాసు బండ ఆ స్థానాన్ని ఆక్రమించింది. కాని పశ్చిమ బెంగాల్ రాష్ట్రం మొత్తం మీద చూస్తే, 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పరిశుభ్రమైన వంట ఇంధనం వాడే కుటుంబాలు సుమారు 40 శాతం మాత్రమే. అఖిల భారత సగటు 59 శాతానికి కొంచెం తక్కువ. తెలంగాణలో అది 90 శాతం దాటింది. అనగా ఆ సర్వే నాటికి ఈ రాష్ట్రంలో సగానికి మించిన ఇళ్ళలో అన్నం ఉడికినది ప్రధానంగా కట్టె మీద, పిడక మీద, ఆకు అలము మీద.

ఒక తట్ట పేడ లెక్క

మొదట సులభమైన లెక్క ఒకటి వేద్దాం. 25 కిలోల పచ్చి పేడ తీసుకోండి. అందులో దాదాపు 80 పాళ్ళు నీరే. ఎండబెట్టి పిడకలు చేస్తే 5 కిలోలు మిగులుతాయి. కిలో పిడక కాలిస్తే సుమారు 2,100 కిలో కెలోరీల వేడి పుడుతుంది. అయిదు కిలోలకు 10,500. కాని సంప్రదాయపు మట్టి పొయ్యి ఆ వేడిలో పదవ వంతు మాత్రమే గిన్నెకు అందిస్తుంది. మిగిలినది గోడలకు, గాలికి పోతుంది. కనుక వంటకు ఉపయోగపడినది 1,050 కిలో కెలోరీలు. చివరకు మిగిలినది బూడిద. పొలానికి చేరవలసిన నత్రజని పొగలో కలిసిపోయింది.

అదే 25 కిలోల పేడను సమాన పరిమాణం గల నీటితో కలిపి గాలి చొరని తొట్టిలో మురగబెడితే, కిలోకు 40 లీటర్ల చొప్పున ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. దానిలో సగానికి పైగా మీథేన్. ఆ గ్యాసులో ఉన్న వేడి సుమారు 4,700 కిలో కెలోరీలు. చూడడానికి ఇది పిడకల వేడిలో సగం కూడా లేదు. కాని గ్యాసు పొయ్యి దానిలో 55 శాతం గిన్నెకు అందిస్తుంది. కనుక వంటకు దక్కేది దాదాపు 2,600 కిలో కెలోరీలు. పిడకల కంటె రెండున్నర రెట్లు! పైగా తొట్టి నుండి వెలువడే ముద్దలో నత్రజని భద్రంగా ఉంటుంది. అది పొలానికి శ్రేష్ఠమైన ఎరువు. ఒకే పేడ ఇంధనంగానూ, ఎరువుగానూ రెండు పర్యాయాలు అక్కరకు వస్తున్నది.

ఈ సత్యాన్ని మన దేశం ఆలస్యంగా గ్రహించలేదు. 1897లోనే బొంబాయిలోని మాతుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో మలినాల నుండి గ్యాసు తీసి వాడినారు. 1939లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో పేడ మీద ప్రయోగాలు జరిగినాయి. 1950 దశకంలో జష్‌భాయి పటేల్ తేలియాడే మూత గల నమూనాను రూపొందించగా, దానిని ఖాదీ గ్రామోద్యోగ సంఘం దేశమంతటా ప్రచారంలోకి తెచ్చింది. ఈ కృషిలో కోల్‌కతా పరిసరాల పాత్ర కూడా ఉన్నది. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ శిష్యుడైన సతీశ్ చంద్ర దాస్‌గుప్తా బెంగాల్ కెమికల్స్‌లో ఉద్యోగాన్ని విడిచి, గాంధీజీ బాటలో నడచి, సోదేపూర్‌లో ఖాదీ ప్రతిష్ఠాన్‌ను నెలకొల్పినారు. భారతదేశపు ఆవును గురించి 1945లో రెండు సంపుటాల బృహద్గ్రంథం వెలువరించిన ఆ రసాయన శాస్త్రవేత్త పేడ గ్యాసు మీద కూడా శ్రద్ధ వహించినారు. పేదవాని పెంటకుప్పలో ప్రయోగశాలను చూచిన దృష్టి అది.

ఎవరి పేడ? ఎవరి గ్యాసు?

ఇంత లాభదాయకమైన సాధనం ప్రతి ఇంటికీ ఎందుకు చేరలేదు? 1981–82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకం ప్రారంభమైనది. 1984లో తక్కువ ఖర్చుతో ఇటుకలతో కట్టగల దీనబంధు నమూనా వచ్చింది. లక్షల సంఖ్యలో తొట్లు నిర్మాణమైనాయి. కాని పైన చెప్పిన మూడవ ప్రశ్న ఇక్కడే ఎదురవుతుంది.

ఒక చిన్న కుటుంబానికి సరిపడే తొట్టి రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాసు ఇవ్వాలి. అందుకు 50 కిలోల పేడ, అంటే నాలుగైదు పశువులు కావాలి. దాదాపు 50 లీటర్ల నీరు కావాలి. తొట్టి కట్టడానికి స్థలం కావాలి. సబ్సిడీ పోగా మిగిలిన పెట్టుబడి చేతిలో ఉండాలి. ఇవన్నీ ఉన్న రైతుకు ఆ తొట్టి నెలకు దాదాపు రెండు గ్యాసు బండలకు సమానమైన ఇంధనం ఇస్తుంది. కాని ఒక్క ఆవు ఉన్నవాని మాట ఏమిటి? ఆవే లేని వ్యవసాయ కూలీ మాట ఏమిటి?

ఇంతవరకు ఆ కూలీ స్త్రీ బాట వెంట పడిన పేడను తట్టకెత్తుకొని పిడకలు చేసుకునేది. పేడకు ధర లేనన్నాళ్ళు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఊరిలోని మోతుబరి ఇంట తొట్టి వెలిసిన తరువాత పేడకు విలువ ఏర్పడింది. విలువ ఏర్పడగానే దానికి యజమాని కూడా ఏర్పడినాడు. మోతుబరి ఇంట పొగ పోయింది. కూలీ ఇంట పిడకే పోయింది. గ్రామం మొత్తానికి లెక్క కట్టి చూస్తే లాభమే. ఇంటింటికీ లెక్క కట్టి చూస్తే ఒక ఇంటి లాభం మరొక ఇంటి నష్టం. తొట్టిలోకి మోయవలసిన నీటి కడవలు కూడా సాధారణంగా స్త్రీల భుజాల మీదనే పడతాయన్నది మరువరాదు.

కనుక మిత్రులారా, జీవద్రవ్యం ఉచితంగా లభిస్తుందని ఎవరైనా చెబితే తొందరపడి నమ్మకండి. అది ఉచితంగా కనిపించడానికి కారణం, దానిని సేకరించే వారి కూలిని ఎవరూ లెక్క వ్రాయకపోవడమే.

గోసాబా దీవిలో ఒక ప్రయోగం

ఇప్పుడు పేడ నుండి కట్టెకు, వంట నుండి విద్యుత్తుకు వద్దాం. సియాల్దా స్టేషనులో రైలెక్కి కానింగ్‌లో దిగి, అక్కడి నుండి రోడ్డు మార్గాన గోద్‌ఖాలి రేవు చేరి, పడవలో నది దాటితే గోసాబా వస్తుంది. సుందరవనాల ముఖద్వారం అది. స్కాట్లండు దేశీయుడైన డేనియల్ హామిల్టన్ 1903లో ఈ ప్రాంతాన్ని కౌలుకు తీసుకుని, వడ్డీ వ్యాపారుల బెడద లేని సహకార సమాజాన్ని నిర్మించాలని సంకల్పించినాడు. 1936లో తన ఎస్టేటు కోసం ఒక రూపాయి నోటును కూడా ముద్రించినాడు. రవీంద్రనాథ ఠాకూర్ 1932లో స్వయంగా వచ్చి ఈ కృషిని తిలకించినారు.

అటువంటి దీవికి విద్యుత్తు ఎట్లా తేవడం? వెడల్పైన నదుల మీదుగా తీగలు లాగడం అప్పట్లో మిక్కిలి వ్యయంతో కూడిన పని. కొద్దిపాటి దుకాణాలవారు డీజిలు యంత్రాలతో దీపాలు వెలిగించుకునేవారు. ఈ పరిస్థితులలో పశ్చిమ బెంగాల్ పునరుత్పాదక శక్తి అభివృద్ధి సంస్థ 1997లో గోసాబాలో ఒక్కొక్కటి 100 కిలోవాట్ల సామర్థ్యం గల 5 గ్యాసిఫైయర్లతో విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. పంపిణీ, వసూళ్ళ బాధ్యతలలో స్థానిక సహకార సంఘానికి పాత్ర కల్పించింది. 2001లో ఛోటో మొల్లాఖాలి దీవిలో 500 కిలోవాట్ల మరొక కేంద్రం వచ్చింది.

గ్యాసిఫైయర్ పనిచేసే తీరు క్లుప్తంగా చెబుతాను. ఎండిన కట్టె ముక్కలను నిలువుపాటి కొలిమిలో వేసి, పూర్తిగా మండడానికి చాలినంత గాలి ఇవ్వకుండా కాల్చుతారు. అప్పుడు కట్టె మండి బూడిద కావడానికి బదులు, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ కలిసిన మండే వాయువుగా మారుతుంది. దానిని చల్లార్చి, తారును, మసిని వడగట్టి, డీజిలు ఇంజనులోకి పంపుతారు. ఇంజను పూర్తిగా ఆ వాయువుతోనే నడవదు. కొంత డీజిలు కూడా కావాలి. కాని డీజిలు వాడకంలో దాదాపు 70 శాతం ఆదా అవుతుంది.

యూనిటు ధర ఎక్కడ తేలుతుంది?

లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న ధరలే గాని ఆ కేంద్రపు పద్దులు కావు. డీజిలు లీటరు 90 రూపాయలు, ఎండిన కట్టె కిలో 5 రూపాయలు అనుకుందాం. డీజిలుతో మాత్రమే నడిచే యంత్రం యూనిటుకు సుమారు 0.3 లీటర్లు తాగుతుంది. ఇంధనపు ఖర్చు 27 రూపాయలు. గ్యాసిఫైయర్ జోడిస్తే డీజిలు 0.1 లీటరుకు తగ్గుతుంది. అది 9 రూపాయలు. కట్టె సుమారు 0.85 కిలో. అది 4 రూపాయల 25 పైసలు. మొత్తం 13 రూపాయల 25 పైసలు. ఇంధనంలో సగానికి సగం ఆదా. పైగా డీజిలుకు చెల్లించే ధనం దీవి దాటి, దేశం దాటి పోతుంది. కట్టెకు చెల్లించే 4 రూపాయల పావలా ఆ దీవి రైతు చేతిలోనే పడుతుంది. ఇది జీవద్రవ్య శక్తికి గల అసలైన ఆర్థిక ప్రయోజనం.

కాని ఇంధనం ఒక్కటే ఖర్చు కాదు. కట్టె నరకాలి, ఎండబెట్టాలి, ముక్కలు చేయాలి. యంత్రం వద్ద మనుషులు నిలబడాలి. తారు పట్టిన గొట్టాలు శుభ్రం చేయాలి. ఈ పనులకు రోజుకు 3,000 రూపాయలు అవుతుందనుకుందాం. 500 కిలోవాట్ల కేంద్రం రోజుకు ఆరు గంటలు పూర్తి సామర్థ్యంతో నడిస్తే 3,000 యూనిట్లు పుడతాయి. యూనిటుకు ఒక రూపాయి పడుతుంది. ఊరిలో దీపాలకు, ఫాన్లకు కలిపి 100 కిలోవాట్ల అవసరమే ఉంటే పుట్టేవి 600 యూనిట్లు. అదే పనికి యూనిటుకు 5 రూపాయలు పడుతుంది. యంత్రం కొన్న పెట్టుబడి మీద భారం కూడా ఇట్లాగే అయిదు రెట్లు పెరుగుతుంది.

అందుచేత చిన్న విద్యుత్ కేంద్రం బ్రతకడం, బ్రతకకపోవడం అనేది కట్టె ధర మీద కంటె వాడకం మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. రాత్రిపూట దీపాలు మాత్రమే వెలిగిన ఊరిలో నష్టం తప్పదు. పగలు పిండిమర, వడ్ల మిల్లు, నీటి పంపు, మంచు కర్మాగారం నడిచిన ఊరిలో లాభం సాధ్యం. విద్యుత్తు రాగానే సంపద దానంతట అదే పుట్టదు. విద్యుత్తును వాడుకునే పని పుట్టినప్పుడే సంపద పుడుతుంది.

కట్టె ఎక్కడిది అనే ప్రశ్న సుందరవనాలలో మరింత తీవ్రమైనది. పైన చెప్పిన 3,000 యూనిట్లకు రోజుకు 2,550 కిలోలు, సంవత్సరానికి సుమారు 930 టన్నుల కట్టె కావాలి. హెక్టారుకు ఏడాదికి 10 టన్నులు పండించగలిగినా 93 హెక్టార్ల తోట అవసరం. ఆ తోట పెంచకుండా మడ అడవి మీద గొడ్డలి పెడితే, తుపానులకు అడ్డు నిలిచే కోటగోడను కూల్చి దీపం వెలిగించుకున్నట్టే. 1973లో పులుల అభయారణ్యంగా, 1987లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అడవి అది. 2009 మే నెలలో ఐలా తుపాను గట్లు తెంచినప్పుడు ఆ ప్రాంతీయులు ఆ అడవి విలువ మరొకసారి తెలుసుకున్నారు. ఈ కారణంగానే బంజరు భూములలో ఇంధనపు తోటలు పెంచడం ఈ ప్రయత్నంలో విడదీయరాని భాగమైనది.

దీపం ఆరిపోయిందా?

కాలక్రమంలో ప్రధాన విద్యుత్ తీగలు నదులు దాటి గోసాబాకు చేరినాయి. ఇరవై నాలుగు గంటలు, తక్కువ ధరకు విద్యుత్తు లభించగానే వాడకందారులు అటు మరలినారు. గ్యాసిఫైయర్ కేంద్రం మూలపడింది. దీనిని చూపి ఆ ప్రయత్నం విఫలమైనదని తీర్మానించేవారున్నారు. ఆ తీర్మానం న్యాయమైనదేనా?

ఒక పడవవాడు సంవత్సరాల తరబడి జనాన్ని నది దాటించినాడు. తరువాత వంతెన కట్టినారు. పడవ ఒడ్డున పడి ఉన్నది. పడవ వ్యర్థమైనదని అనగలమా? వంతెన వచ్చేదాకా ఆ పిల్లలు బడికి చేరింది, ఆ రోగులు వైద్యశాలకు చేరింది పడవ మీదనే. గోసాబాలో ఒక తరం పిల్లలు ఆ కట్టె దీపం కింద చదువుకున్నారు. విద్యుత్ బిల్లు కట్టడం, మీటరు చూసుకోవడం, సంఘంగా కూడి ధర నిర్ణయించుకోవడం అలవరచుకున్నారు. ఆ లాభం పద్దు పుస్తకంలో కనిపించదు.

అయితే, ఒక గుణపాఠాన్ని కూడా నిజాయితీగా అంగీకరించాలి. తీగలు ఎప్పటికైనా వస్తాయని ఊహించి, వచ్చిన రోజున ఈ చిన్న కేంద్రం తన విద్యుత్తును ఆ తీగలకే అమ్ముకునే ఏర్పాటు ముందే చేసి ఉండవలసినది. అది లేనప్పుడు పెద్ద గ్రిడ్డు చిన్న కేంద్రానికి తోడుగా కాక పోటీగా వచ్చి నిలుస్తుంది. ప్రజాధనంతో కొన్న యంత్రాలు తుప్పు పట్టడం కూడా ఒక ఖర్చే.

ఊకకు ధర వచ్చిన కథ

ఇక మన తెలుగునాట జరిగినది చూద్దాం. గోదావరి, కృష్ణా డెల్టాలలో వడ్ల మిల్లుల పక్కన ఊక కొండలుగా పడి ఉండేది. వడ్ల బరువులో దాదాపు అయిదవ వంతు ఊకే. తీసుకుపోతే చాలునని మిల్లరు అనుకునే రోజులవి. 1990 దశకం మధ్యలో కేంద్ర ప్రభుత్వపు సంప్రదాయేతర ఇంధన వనరుల మంత్రిత్వ శాఖ మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. వాటి ప్రకారం 1994–95 సంవత్సరాన్ని ఆధారం చేసుకుని యూనిటుకు 2 రూపాయల 25 పైసలు, ఏటా 5 శాతం పెంపుదల. ఈ ధరను నమ్ముకుని ఆంధ్రప్రదేశ్‌లో ఊక, సర్కారు తుమ్మ, పంట వ్యర్థాలతో నడిచే విద్యుత్ కేంద్రాలు అనేకం వెలిసినాయి.

కేంద్రాలు వెలిసిన తరువాత ఊకకు గిరాకీ పెరిగింది. ఇటుక బట్టీలవారు, ఇతర కర్మాగారాలవారు కూడా అదే ఊకను కోరినారు. ఒకనాడు పారవేసిన వస్తువు ధర పలికింది. మిల్లరుకు మేలు జరిగింది. సర్కారు తుమ్మ నరికి అమ్మిన పేద కుటుంబాలకు వేసవిలో పని దొరికింది. కాని విద్యుత్ కేంద్రపు లెక్క తలక్రిందులైనది. ఇంధనం ధర బజారు నిర్ణయిస్తున్నది, విద్యుత్తు ధర కమిషన్ నిర్ణయిస్తున్నది. 2004లో విద్యుత్ నియంత్రణ మండలి కొనుగోలు ధరను సవరించి తగ్గించగా, ఆ వివాదం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఉత్పత్తిదారుడు తన ఖర్చు గిట్టదన్నాడు. పంపిణీ సంస్థ తన వాడకందారుని మీద భారం మోపలేనన్నది. ఇద్దరి మాటలోనూ సత్యం ఉన్నది. వ్యర్థ పదార్థం ముడిసరుకుగా మారిన క్షణం నుండి అది చవకగా ఉండదన్న సూత్రాన్ని ఇద్దరూ ముందుగా గుర్తించి ఉంటే బాగుండేది.

బీహారులోని పశ్చిమ చంపారణ్ జిల్లాలో 2007లో ఊక గ్యాసుతో గ్రామానికి దీపాలు వెలిగించిన ప్రయత్నం, బెంగాల్ వడ్ల మిల్లులు తమ ఊకతో తమ యంత్రాలనే నడుపుకున్న ప్రయత్నం ఇక్కడ పోల్చదగినవి. ఊక పుట్టిన చోటనే ఊకను వాడితే రవాణా ఖర్చు ఉండదు. ఊక తేలికైన పదార్థం, బరువు తక్కువ, చోటు ఎక్కువ. లారీ నిండుతుంది గాని టన్నులు నిండవు. దూరం పెరిగిన కొలదీ లాభం కరిగిపోతుంది. జీవద్రవ్యాన్ని ఇంధనం వద్దకు కాక, అవసరాన్ని జీవద్రవ్యం వద్దకు తీసుకొని పోవడం ఇందులోని నీతి.

కాల్చడమే పరమార్థం కాదు

ఈ నగరపు తూర్పు దిక్కున మరొక పాఠం ఉన్నది. కోల్‌కతా మురుగునీరు తూర్పు చిత్తడి నేలల చెరువులలోకి ప్రవహించి, ఎండకు, నాచుకు శుద్ధి అయి, చేపలకు ఆహారమవుతున్నది. ధాపా ప్రాంతంలో నగరపు చెత్త మీద కూరగాయలు పండించినారు. పరిశోధకుడు ధ్రువజ్యోతి ఘోష్ ఈ వ్యవస్థ విలువను లోకానికి చాటగా, 2002లో 12,500 హెక్టార్ల ఈ చిత్తడి నేలలకు అంతర్జాతీయ రామ్‌సార్ గుర్తింపు లభించింది. ఈ మలినాన్నంతా ఎండబెట్టి కాల్చి ఉంటే కొంత విద్యుత్తు వచ్చేదేమో. కాని చేపలు, కూరలు, వేలాది కుటుంబాల జీవనోపాధి, నీటి శుద్ధి – ఇవి పోయేవి.

జనప పుల్ల సంగతి కూడా ఇటువంటిదే. అది బెంగాల్ రైతుకు పొయ్యిలో ఇంధనం, ఇంటికి దడి, తమలపాకు తోటకు ఊతం. గడ్డి పశువుకు మేత. ఆకు పొలానికి ఎరువు. వీటిలో ఏదైనా విద్యుత్ కేంద్రానికి తరలిస్తే, అది ఇంతవరకు చేస్తున్న పనిని మరొకటి చేయాలి. ఆ మరొకదాని ఖర్చును కూడా యూనిటు ధరలో కలిపినప్పుడే లెక్క పూర్తి అవుతుంది. బొగ్గు విద్యుత్ కేంద్రాలలో పంట వ్యర్థాల గుళికలను కొంత శాతం కలిపి మండించాలని 2021లో కేంద్రం విధానం ప్రకటించింది. పొలాలలో వృథాగా తగులబెట్టే గడ్డికి ఇది మంచి మార్గం. కాని పశువుల నోటి నుండి తీసిన గడ్డికి కాదు.

లెక్కకు రాని పొగ

చివరిగా, ఏ పద్దులోనూ వ్రాయని ఖర్చు ఒకటి చెబుతాను. వంటింటి పొగ కారణంగా 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది అకాల మరణం పాలైనారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అధికులు పేద దేశాల వారు. పొయ్యి ముందు గంటల తరబడి కూర్చునేది స్త్రీలు, వారి ఒడిలోని పసిబిడ్డలు. 2016లో ఆరంభమైన ఉజ్జ్వల పథకం పేద మహిళల పేరిట గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. అది గొప్ప ముందడుగు. కాని బండ ఖాళీ అయినప్పుడు తిరిగి నింపించుకునే డబ్బు చేతిలో లేని ఇల్లాలు మళ్ళీ పిడక దగ్గరకే పోతున్నది. ఆమెకు పిడక చవక కాదు. దాని ధరను ఆమె రూపాయలలో గాక కంటిచూపుతో, ఊపిరితిత్తులతో, ప్రతి దినం రెండు మూడు గంటల పనితో చెల్లిస్తున్నది.

మిత్రులారా, నేను జీవద్రవ్య శక్తికి వ్యతిరేకిని కాను. దేశానికి విదేశీ మారకం ఆదా చేయగలిగినది, గ్రామంలో పని కల్పించగలిగినది, పొలానికి సారాన్ని తిరిగి ఇవ్వగలిగినది అది. కాని దానిని గౌరవించడమంటే దాని లెక్కను నిజాయితీగా వ్రాయడం. సేకరణకు కూలి వ్రాయండి. తోటకు భూమి వ్రాయండి. పశువుకు మేత వ్రాయండి. స్త్రీ శ్వాసకు విలువ వ్రాయండి. అన్నీ వ్రాసిన తరువాత కూడా లాభం మిగిలితే, ఆ లాభం స్థిరమైనది.

మీరు సెలవులకు మీ ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఒక చిన్న పని చేయండి. మీ ఇంటిలోనో, పొరుగింటిలోనో ఒక వారం రోజులపాటు కట్టె, పిడక, ఊక ఎంత వాడుతున్నారో తూచి చూడండి. దానిని తెచ్చింది ఎవరు, ఎంత దూరం నడచి తెచ్చినారు, ఎన్ని గంటలు పట్టింది అడిగి వ్రాసుకోండి. ఇక్కడి బెంగాలీ మిత్రునితో కలిసి అదే పని నదియాలోనో, బర్ధమాన్‌లోనో చేయండి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, భాషలు వేరైనా అంకెలు ఒకే కథ చెబుతాయి. ఆ కాగితాల మీద నుండి మొదలైన ప్రణాళిక ఢిల్లీలో మొదలైన ప్రణాళిక కంటె దృఢంగా నిలుస్తుందని నా విశ్వాసం.

గోడ మీది పిడకపై ఉన్న ఆ అయిదు వ్రేళ్ళ ముద్రే మన లెక్కల పుస్తకంలో మొదటి సంతకం కావాలి.